పాత వాహనాల ఇంజన్ చప్పుళ్లు: కారణం పట్టుకునే తీరు

నడుస్తున్న ఇంజన్‌లో ఇంతకుముందు లేని చప్పుడు మొదలైతే, అది ఏ భాగంలో పుడుతోందో, ఎందుకు పుడుతోందో ఇంజన్ విప్పకముందే తేల్చడం మోటారు మరమ్మతులో ఒక ప్రత్యేక విద్య. కంప్యూటరూ సెన్సర్లూ లేని పాత కార్లు, జీపులు, లారీలు, మోటారు సైకిళ్ల విషయంలో మెకానిక్‌కు దొరికే ఆధారాలు కొద్దే: చప్పుడు, పొగ రంగు, ఆయిల్ ప్రెషర్, ఇంజన్ వేడి, బండి లాగే తీరు. వీటిలో యజమాని మొదట గమనించేది చాలావరకు చప్పుడునే. దాన్ని సరిగా వింటే అరగంటలో తేలే పని, వినకపోతే ఇంజన్ దింపి లేత్ షెడ్డుకు పంపేదాకా పోతుంది.

చప్పుడు ఎంత గట్టిగా ఉంటే ప్రమాదం అంత పెద్దదనుకోవడం ఇక్కడ మొదట వదులుకోవలసిన అపోహ. సైలెన్సర్ మీద వదులైన రేకు చేసే రొద వీధి చివరిదాకా వినబడుతుంది, దానివల్ల ఇంజన్‌కు ఏమీ కాదు. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరగడం మొదలైనప్పుడు వచ్చే మెత్తటి దెబ్బ రేడియో పెట్టుకుంటే వినబడదు, కానీ ఇంజన్‌ను పాడుచేసేది అదే.

బండిని బట్టి అనుమానం

పాత ఇంజన్‌లో చప్పుళ్లు పెరగడానికి మూలం సందు. కదిలే రెండు లోహాల మధ్య కంపెనీ ఉంచిన సందులో ఆయిల్ పొర నిలబడి, ఒకదానికొకటి తగలకుండా చూస్తుంది. మంచి స్థితిలో ఉన్న క్రాంక్ బేరింగ్‌లో ఆ సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలోనే, అంటే మన తల వెంట్రుక మందం కంటే కొంచెం తక్కువగానే ఉంటుంది. అరుగుదలతో సందు పెరిగితే ఆయిల్ నిలవదు, లోహం లోహాన్ని కొడుతుంది. ఆ కొట్టడమే చప్పుడు.

ఏ సందు ఎక్కడ ఉందన్నది ఇంజన్ నిర్మాణాన్ని బట్టి మారుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన అంబాసడర్ కారు చాలా కాలం 1489 సి.సి. పెట్రోల్ ఇంజన్‌తో వచ్చింది. అందులో క్యామ్‌షాఫ్ట్ కింద బ్లాకులోనే ఉంటుంది, చెయిన్‌తో తిరుగుతుంది. పొడవాటి పుష్‌రాడ్లు పైనున్న రాకర్లను, అవి వాల్వులను కదుపుతాయి. ఫియట్ 1100 నుంచి పుట్టిన ప్రీమియర్ పద్మినిలోని 1089 సి.సి. ఇంజన్‌ది కూడా దాదాపు ఇదే ఏర్పాటు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 పద్ధతి వేరు. దాని 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ పైన హెడ్డులోనే ఉంటుంది, రబ్బరు టైమింగ్ బెల్టుతో తిరుగుతుంది. కాబట్టి అంబాసడర్ ముందు భాగం నుంచి గొలుసు ఆడినట్టు వచ్చే గలగలకు టైమింగ్ చెయిన్ సాగిందని అనుమానించవచ్చు, మారుతి 800లో ఆ అనుమానానికే తావు లేదు. ఆ బెల్టు తెగేముందు ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు గనుక చప్పుడు కోసం ఎదురుచూడకుండా గడువు ప్రకారం మార్చాలి. మూడు సిలిండర్ల ఇంజన్ ఐడిలింగులో కాస్త వణకడం దాని స్వభావం. నాలుగు సిలిండర్ల కారుకు అలవాటుపడినవాళ్లు దాన్నే రోగమనుకుని డబ్బు వదిలించుకుంటుంటారు.

లయే మొదటి ఆధారం

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. నిర్ధారణకు ఇంతకంటే ఉపయోగపడే సంగతి లేదు. ఐడిలింగులో క్రాంక్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకుంటే, సెకనుకు దాదాపు 13 చుట్లు. ఒక వాల్వు దగ్గర తేడా ఉంటే ఆ చప్పుడు సెకనుకు ఆరేడు సార్లే వస్తుంది, చెవితో ఇంచుమించు విడివిడిగా పట్టుకోవచ్చు. క్రాంకుకు, పిస్టన్‌కు సంబంధించిన దెబ్బ చుట్టుచుట్టుకూ పడితే వేగం దానికి రెట్టింపు. పాత షెడ్లలో ఇగ్నిషన్ టైమింగ్ చూసే లైటు దీనికి బాగా పనికొస్తుంది. మొదటి సిలిండర్ ప్లగ్గు వైరుకు తగిలించిన ఆ లైటు క్రాంకు రెండు చుట్లకు ఒకసారి మెరుస్తుంది. మెరుపుకొక చప్పుడు వస్తే వాల్వుల వైపు చూడాలి, మెరుపుకు రెండు వస్తే క్రాంకు వైపు చూడాలి.

లయ తర్వాత చూడవలసింది సందర్భం. చప్పుడు చల్లటి ఇంజన్‌లో వచ్చి వేడెక్కాక పోతోందా, లేక వేడెక్కాకే మొదలవుతోందా? బండి నిలబెట్టి యాక్సిలరేటర్ ఇస్తే వస్తోందా, రోడ్డు మీద బరువు లాగేటప్పుడే వస్తోందా? క్లచ్ తొక్కితే మారుతోందా? ఈ ప్రశ్నలకు జవాబులు బండి రోజూ నడిపేవారి దగ్గరే ఉంటాయి. పది నిమిషాలు నడిపి చూసే మెకానిక్‌కు అన్నీ దొరకవు. షెడ్డుకు వెళ్లేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది కాబట్టి తెల్లవారి మొదటి స్టార్టులో మాత్రమే వచ్చే చప్పుడు అతనికి వినబడనే వినబడదు. అలాంటప్పుడు బండిని ముందురోజు రాత్రే షెడ్డులో వదిలిరావడం మంచిది. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించడం ఇప్పుడు అలవాటైంది. కీచుమనే చప్పుళ్లకు అది పనికొస్తుంది గానీ, ఫోన్ మైకు లోతైన దెబ్బలను సరిగా పట్టదు. క్రాంకు చప్పుడు విషయంలో రికార్డింగును నమ్ముకోకూడదు.

వినే సాధనాలు

1816లో ఫ్రెంచి వైద్యుడు లానెక్ కాగితం చుట్ట చుట్టి రోగి గుండె విన్నాడు, అదే స్టెతస్కోపుకు మూలం. మెకానిక్ స్టెతస్కోపు దాని వరసలోదే, చివర బిళ్లకు బదులు సన్నని ఇనుప కడ్డీ ఉంటుంది. అది లేకపోతే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనిస్తే చాలు. మన ఆటోనగర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. వాల్వు కవరు, హెడ్డు, బ్లాకు పక్క, ఆయిల్ చాంబరు, టైమింగ్ కవరు, డైనమో లేదా ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఇలా ఒక్కోచోట ఆనించి పోల్చుకుంటూ పోవాలి. లోహం చప్పుడును దూరంగా మోసుకుపోతుంది కాబట్టి ఒక్కచోట విని తీర్పు చెప్పకూడదు, ఎక్కడ ఎక్కువగా ఉందో పోల్చాలి. గాలి లీకులకు ఇనుప కడ్డీ పనికిరాదు. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను మానిఫోల్డ్ అంచుల వెంట తిప్పితే బుస్సుమనే చోటు దొరుకుతుంది. నడుస్తున్న ఇంజన్ మీదికి వంగేటప్పుడు తువ్వాలు, చున్నీ, పొడుగు జుట్టు ఫ్యానుకు అందకుండా చూసుకోవాలి.

ముందు బయటివి తేల్చాలి

అనుభవమున్నవాడు ఇంజన్ లోపలి భాగాన్ని అనుమానించేముందు బయట వేలాడే వాటన్నిటినీ వరసగా తప్పిస్తాడు. తెల్లవారుజామునో, వాన తర్వాతో కీచుమంటే ముందు ఫ్యాన్ బెల్టు మీద కొద్దిగా నీళ్లు చిలకరించాలి. చప్పుడు ఆగి కొంతసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేవని, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు వదులైందని అర్థం. గురగురమనే చప్పుడైతే ఆల్టర్నేటర్ లేదా వాటర్ పంపు బేరింగు కావచ్చు. బెల్టు పూర్తిగా తీసి, ఇంజన్‌ను ఒక నిమిషం లోపు మాత్రం నడపాలి. చప్పుడు పోతే దోషం ఇంజన్‌లో లేదు.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు. గ్యాస్కెట్ కాలిపోయిన సందులోంచి పొగ తన్నుకొచ్చే టక్‌టక్ అచ్చం ట్యాపెట్ చప్పుడులాగే ఉంటుంది, దాని లయ కూడా క్యామ్ లయే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, మానిఫోల్డ్ వేడెక్కి వ్యాకోచించాక తగ్గడం దీని గుర్తు. సందు దగ్గర నల్లటి మసి చార ఉంటుంది. చప్పుడు చిన్నదే అయినా దీన్ని వదిలేయకూడదు, కారు లోపలికి కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది. స్పార్క్ ప్లగ్గు వదులైనా ఇలాంటి చప్పుడే వస్తుంది, పానాతో బిగిస్తే పోతుంది.

క్లచ్ తొక్కగానే మొదలయ్యే కిర్రు క్లచ్ రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో ఉండి క్లచ్ తొక్కితే ఆగిపోయే చప్పుడు గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగుది. ఇంజన్ వేగంతో కాక బండి వేగంతో పెరిగే ఊళ చక్రం బేరింగుదో, క్రౌన్ పీనియన్‌దో అవుతుంది. మలుపులో ఒకవైపు తిప్పినప్పుడు ఎక్కువై రెండోవైపు తిప్పితే తగ్గితే చక్రం బేరింగే. వీటికి ఇంజన్ విప్పించుకున్నవాళ్లు లేకపోలేదు.

పైనుంచి వచ్చే టకటక

వాల్వు కాండానికీ రాకరుకూ మధ్య ఉండవలసిన సందునే ట్యాపెట్ గ్యాప్ అంటారు. చాలా పాత పెట్రోల్ ఇంజన్లలో అది 0.15 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్టాలా, వేడిగా ఉన్నప్పుడు పెట్టాలా అన్నది ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది, అది పాటించకపోతే కొలత తప్పుతుంది. గ్యాప్ పెరిగితే తేలికైన, చురుకైన టకటక వస్తుంది. వాల్వు కవరు తీసి, ఐడిలింగులో ఒక్కో రాకరు సందులో ఫీలర్ గేజీ పెట్టి చూస్తే ఏ వాల్వు దగ్గర చప్పుడు తగ్గుతుందో దోషం అక్కడే.

చప్పుడు పూర్తిగా పోయేదాకా ట్యాపెట్లు బిగించమని అడిగే యజమానులు తమ ఇంజన్‌కు తామే చేటు చేసుకుంటున్నారు. గ్యాప్ లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటుకు అప్పగించలేక కాలిపోతుంది. కొంచెం టకటకలాడే ఇంజనే ఆరోగ్యంగా ఉన్నట్టు. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మాత్రం దీనికి మినహాయింపు. అందులో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడకుండా, వేళ్లతో తిప్పితే మాత్రం తేలిగ్గా తిరిగేలా సరిచేస్తారు. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజన్లలో సరిచేయడానికేమీ ఉండదు. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్లు టకటకలాడి ఆగితే మామూలే, ఆగకపోతే ఆయిల్ సంగతి చూడాలి.

కిందినుంచి వచ్చే దెబ్బ

నిర్ధారణలో తొందరపాటుకు ఎక్కువ మూల్యం చెల్లించే చోటు ఇదే. కింది దెబ్బలు నాలుగు రకాలు. వాటిలో ఒకదానితో ఏళ్లు నెట్టుకు రావచ్చు, ఒకదానితో పది కిలోమీటర్లు పోవడం కూడా ప్రమాదమే.

పిస్టన్ చప్పుడు, అంటే అరిగిన బోరులో పిస్టన్ ఒకవైపు నుంచి రెండోవైపుకు ఒరిగి గోడను తట్టడం, చల్లటి ఇంజన్‌లో బొంగురుగా వినబడి వేడెక్కేకొద్దీ తగ్గిపోతుంది. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి, వేడెక్కిన పిస్టన్ సందును తానే పూడ్చుకుంటుంది. బండి పొగ వదలకుండా, ఆయిల్ తాగకుండా ఉంటే ఈ చప్పుడుకు భయపడనక్కరలేదు. నీలం పొగ కూడా తోడైతేనే ఇంజన్ బోరుకు వచ్చినట్టు. అప్పుడు సిలిండర్లు బోరు చేయించి సైజు పిస్టన్లు వేయించాలి.

గడ్జన్ పిన్ వదులైతే ఐడిలింగులో పదునైన, జంటగా పడే టక్కుటక్కు వస్తుంది. ఇది అరుదు.

కనెక్టింగ్ రాడ్ బేరింగు, షెడ్డు భాషలో బిగ్ ఎండ్, అరిగితే వచ్చేది గట్టి లోహపు దెబ్బ. ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక ఇది పెరుగుతుంది, పిస్టన్ చప్పుడు తగ్గే సమయంలోనే ఇది ఎక్కువవుతుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే సగం నిర్ధారణ అయినట్టే. యాక్సిలరేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలినప్పుడు, రాడ్ మీద బరువు తారుమారయ్యే ఆ క్షణంలో దెబ్బల వరస స్పష్టంగా వినబడుతుంది. ఏ సిలిండరో తెలియాలంటే ఒక్కో ప్లగ్గును ఆపి చూడాలి. ఆ సిలిండర్‌లో పేలుడు ఆగితే రాడ్ మీద బరువు తగ్గి దెబ్బ బాగా తగ్గుతుంది. ప్లగ్గు వైరును ఊరికే పీకి గాల్లో వదలకుండా బాడీకి ఎర్త్ చేయాలి. లేకపోతే షాక్ కొడుతుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బళ్లలో కాయిల్ కూడా పోవచ్చు.

మెయిన్ బేరింగు దెబ్బ ఇంకా లోతైనది, చెవికి వినబడటం కంటే కాళ్ల కింద నేలకు తెలుస్తుంది. బరువు లాగేటప్పుడే ఎక్కువ. ఒక ప్లగ్గు ఆపితే పెద్దగా మారదు, ఆ బేరింగుకు అటూ ఇటూ ఉన్న రెండు సిలిండర్లూ ఆపితేనే తగ్గుతుంది. ఫ్లైవీల్ బోల్టులు వదులైనా ఇంచుమించు ఇదే చప్పుడు వస్తుంది కాబట్టి, క్రాంకు మీద తీర్పు చెప్పేముందు అవి చూడాలి.

బేరింగు అనుమానం కలిగితే మొదటి పరీక్ష ఆయిల్‌దే. సమతలంలో బండి ఆపి, కొన్ని నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. తర్వాత ప్రెషర్ దీపం స్విచ్ తీసి ఆ చోట గేజీ బిగించి, వేడెక్కిన ఇంజన్‌లో ప్రెషర్ కొలవాలి. నిమిషానికి ప్రతి 1000 చుట్లకూ చదరపు అంగుళానికి 10 పౌన్ల ప్రెషర్ ఉండాలన్నది మెకానిక్‌ల పాత లెక్క. డ్యాష్‌బోర్డు మీది ఎర్ర దీపాన్ని నమ్ముకోకూడదు, ప్రెషర్ దాదాపు అడుగంటాకగాని అది వెలగదు. చివరి సాక్ష్యం ఆయిల్ చాంబర్‌లో దొరుకుతుంది. తీసిన ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి వెలుగులో చూస్తే బేరింగు పైపూత పొడి వెండిలా మెరుస్తుంది, పూత పూర్తిగా అరిగి కింది పొర బయటపడితే రాగి రంగు కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునే పొడి ఇనుముది, అంటుకోనిది బేరింగుది లేదా పిస్టన్‌ది. చాంబరు విప్పి బేరింగులు ఈ దశలో మారిస్తే క్రాంకు దక్కవచ్చు. ఇంకా నడిపితే క్రాంకు గీతలు పడి గ్రైండింగుకు పోతుంది, ఒక్కోసారి రాడ్ విరిగి బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది.

చప్పుడు వినబడకుండా చిక్కటి ఆయిల్ పోసి పాత బండిని అమ్మేవాళ్లున్నారు. కొనేవాళ్లు బండిని అరగంట నడిపి, ఆయిల్ బాగా వేడెక్కాక వినాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు గలగల

తిరుమల, శ్రీశైలం, అరకు దారుల్లో పై గేరులో నెమ్మదిగా ఎక్కుతున్న పాత పెట్రోల్ కారులో రాళ్లు గిలకొట్టినట్టు సన్నటి గలగల వినబడి, గేరు దించగానే ఆగిపోతే అది ఏ భాగం అరిగినందువల్లా కాదు. పెట్రోల్, గాలి మిశ్రమం ప్లగ్గు అంటించిన మంట వచ్చేదాకా ఆగక, మూలల్లో తనంతట తానే పేలడం వల్ల వచ్చే చప్పుడు. ఆ పేలుడుకు సిలిండర్‌లో గాలి గంటలా మోగుతుంది, మామూలు కారు సైజు బోరులో ఆ మోత సుమారు 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కొత్త కార్లలో నాక్ సెన్సర్ వినేది ఈ మోతనే.

దీని చరిత్ర కూడా తప్పుడు నిర్ధారణతోనే మొదలైంది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910ల్లో క్యాడిలాక్ కార్లలోకి వచ్చాక, ఇంజన్లు కొట్టుకోవడానికి ఆ ఇగ్నిషనే కారణమన్నారు. కెట్టరింగ్ తన దగ్గర పనిచేసే థామస్ మిడ్గ్లీని పరిశోధనకు పెట్టాడు, దోషం ఇంధనానిదని తేలింది. 1921 డిసెంబరు 9న మిడ్గ్లీ బృందం టెట్రాఇథైల్ లెడ్ కలిపితే కొట్టుకోవడం ఆగుతుందని కనిపెట్టింది. ఆ సీసం తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా పిల్లల రక్తంలోకి చేరింది. మన దేశం 2000లో సీసం పెట్రోల్‌ను పూర్తిగా ఆపింది, కార్లకు దాన్ని అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది.

పాత బండిలో ఈ గలగలకు చూడవలసినవి: ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందా, సిలిండర్ హెడ్డులో కార్బన్ పేరుకుందా, ఇంజన్ ఎక్కువ వేడెక్కుతోందా, కార్బొరేటర్ పెట్రోల్ తక్కువ ఇస్తోందా. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ కాబట్టి అది కలిసిన పెట్రోల్ ఈ చప్పుడును పెంచదు గానీ, పాత కార్బొరేటర్‌లో మిశ్రమం పలచబడేలా చేస్తుంది, పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. పాత బండి యజమానులు గొట్టాలను మార్పించుకోవడం మంచిది. తాళం తీశాక కూడా ఇంజన్ కాసేపు తన్నుకుంటూ తిరగడం ఈ కుటుంబంలోదే. ఎర్రగా కాలిన కార్బన్ ముక్కలు ప్లగ్గు పని చేయడం వల్ల అలా జరుగుతుంది.

డీజిల్ ఇంజన్లు

డీజిల్ ఇంజన్‌కు కొట్టుకోవడమే స్వభావం. పెట్రోల్ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి సాధారణంగా 8 నుంచి 10 దాకా ఉంటే, పాత డీజిళ్లలో 16 నుంచి 22 దాకా పోతుంది, మంట ఒక్కసారిగా అంటుకుంటుంది. కాబట్టి ఇక్కడ చూడవలసింది చప్పుడు ఉందా అని కాదు, అన్ని సిలిండర్లలో ఒకేలా ఉందా అని. ఒక్క సిలిండర్ గట్టిగా కొడుతూ నల్లపొగ వస్తుంటే ఇంజెక్టర్ నాజిల్ కారుతోందని ముందు అనుమానించాలి. పంపు షెడ్డులో దాన్ని పరీక్షించి మార్చడం క్రాంకు విప్పడం కంటే ఎన్నో రెట్లు చవక. పాత మెకానికల్ పంపు ఉన్న లారీలు, ట్రాక్టర్లలో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి ఏ సిలిండరో తేలుస్తారు, అప్పుడు కూడా చేతులు ఆ జల్లుకు దూరంగా ఉంచాలి. కామన్ రెయిల్ డీజిళ్లలో ఈ పని ఎన్నడూ చేయకూడదు. 1000 బార్లు దాటిన ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. గాయం సూది గుచ్చినంతే కనబడినా వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు.

బండి ఎప్పుడు ఆపాలి

లోహపు దెబ్బతోపాటు ఆయిల్ దీపం వెలిగితే అక్కడికక్కడే ఇంజన్ ఆపి, లాగించుకుని వెళ్లాలి. వేడెక్కేకొద్దీ పెరిగే దెబ్బ వినబడితే దీపం వెలగకపోయినా అంతే. ట్యాపెట్, బెల్టు, లీకు చప్పుళ్లతో షెడ్డుదాకా నడుపుకుపోవచ్చు. ఇంజన్ దింపాలని ఎవరైనా అంటే, ఏ సిలిండర్‌లో దోషముందో, ప్లగ్గు ఆపి చూశారా, ఆయిల్ ప్రెషర్ ఎంత వచ్చిందో అడగండి. ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా ఇంజన్ విప్పడానికి ఒప్పుకోకండి.